తీగ అబద్ధం చెప్పదు

చలి ముదిరితే తీగ మూలుగుతుంది.

గాలి అక్కర్లేదు. తెల్లవారే వేళకి ముళ్ళతీగ తనలో తాను బిగుసుకుంటుంది. గుంజగుంజనీ పట్టుకుని లాగుతుంది. అప్పుడొస్తుంది ఆ మూలుగు — సన్నగా, పొడుగ్గా, ఎవరో పళ్ళు బిగపట్టి నొప్పిని మింగుతున్నట్టు.

వెల్డా వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటుంది. చేతిలో కాఫీ. ఒంటి మీద మొగుడి కోటు.

మొగుడు లేడు. కోటు ఉంది.

ఒర్రిన్ ఉన్నప్పుడు తీగతో మాట్లాడేవాడు. చేతితొడుగు తీసి, రెండు వేళ్ళు తీగ మీద ఆనించి, నాడి చూసే వైద్యుడిలా తల వంచేవాడు.

"వాగు మలుపులో ఎవడో వీపు గోక్కుంటున్నాడు. ఎర్ర గిత్తే అయ్యుంటుంది."

"నీ మొహం. అరమైలు అవతల గిత్త గోక్కుంటే నీ వేలికి తెలిసిందా?"

"తీగ అబద్ధం చెప్పదే, వెల్డా."

వెళ్ళి చూస్తే గిత్త ఉండేది. ఉన్నా సరే ఆమె ఒప్పుకునేది కాదు. తిరిగొచ్చి, లేదనేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆడిన అబద్ధాల్లో సగం ఆ గిత్త గురించినవే.

ఇప్పుడు ఎవరితో ఆడాలి?

*

అక్టోబరులో పోయాడు.

గడ్డివాము దగ్గర కూలబడ్డాడు. పట్నం ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. నోట్లో గొట్టాలు, ముక్కులో గొట్టాలు... మూడోరోజు గొట్టం తీశాక ఒక్క మాట అన్నాడు.

"గేటు..."

వెల్డాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చావు మంచం మీద కూడా ఆవుల గొడవే ఈ మనిషికి! అతని చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర వంగి చెప్పింది.

"మూశాను. అన్నీ మూసే వచ్చాను. నువ్వు నిశ్చింతగా పడుకో."

ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే మూసింది.

ఒర్రిన్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ చూపుని ఆమె ప్రేమ అనుకుంది. ఇంటికి తెచ్చుకుని దాచుకుంది.

*

అమెరికాలోని వ్యోమింగ్‌లో ఆ ఎత్తున, ఆవుల్ని నమ్ముకుని బతికేవాళ్ళకి దేవుడితో పేచీ ఉండొచ్చు. ఆదివారం చర్చి ఎగ్గొట్టొచ్చు. పక్కవాడి పెళ్ళాన్ని చూసి ఈల వెయ్యొచ్చు కూడా. గేటు విషయంలో మాత్రం తప్పు చెయ్యకూడదు.

గేటు ఎలా ఉంటే అలా వదలాలి.

తెరిచి ఉంటే తెరిచి. మూసి ఉంటే మూసి. ఎవరి గేటైనా సరే. ఎవరూ చూడకపోయినా సరే.

వెల్డాకి ఇది పుట్టుకతో వచ్చింది కాదు. రైలు స్టేషను ఊళ్ళో మంగలి షాపు వాడి కూతురు. పెళ్ళయిన మొదటి వారం, గుర్రం మీద పోతూ ఓ గేటు తీసి, మళ్ళీ వెయ్యడం మర్చిపోయింది. ఎనభై ఆవులు పక్కవాడి మందలో కలిసిపోయాయి. విడదీయడానికి నలుగురు మగాళ్ళకి రెండు రోజులు పట్టింది. ఆ నలుగురూ ఆమెని ఒక్క మాట అన్లేదు. అదే ఆమెకి నరకమైంది.

ఒర్రిన్ కూడా అరవలేదు. రాత్రి బూట్లు విప్పుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"గేటు అలా ఎందుకుందో దాటేవాడికి తెలియక్కర్లేదు. పెట్టినవాడికి తెలుసు. అది చాలు."

ఆ మాట ఆమె ఎముకల్లో దిగింది. మళ్ళీ ఎన్నడూ తప్పలేదు.

ఎన్నడూ.

*

ఏటా నవంబరులో ఒర్రిన్ ఒకరోజు మాయమయ్యేవాడు.

ఆవులన్నీ ఉత్తరపు బీడు నుంచి ఇంటి బీడులోకి దిగి వచ్చాక... మొదటి మంచుకి ముందు... ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, గుర్రమెక్కి వెళ్ళేవాడు. పొద్దు వాలాక వచ్చేవాడు.

"ఎక్కడికి?"

"కంచె చూడ్డానికి."

"మంచు పడబోతుంటే కంచెలో ఏం చూస్తావయ్యా?"

అతను ఫ్లాస్కు మూత బిగించుకునేవాడు. మొదట్లో తాగొస్తున్నాడనుకుంది. నోరు వాసన చూసింది. కాఫీ. తర్వాత ఆడదేమో అనుకుంది. ఐదు మైళ్ళ అవతల, ఆ సేజ్ పొదల్లో, ఆ గాలిలో, ఏ మహాతల్లి కూర్చుని ఉంటుందిలే అని తనే పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి అడగడం మానేసింది. మగవాడికి ఏడాదికో రోజు మౌనం కావాలేమో. ఉండనీ.

ఈ నవంబరు ఎవరూ వెళ్ళలేదు.

కాదు. వెల్డా వెళ్ళింది.

తప్పిపోయిన ఒక ముసలి ఆవుని వెతుక్కుంటూ వెళ్ళింది. ఉత్తరం గేటు దగ్గరికి వచ్చింది. అది తీగ గేటు — నాలుగు కర్రలు, నాలుగు వరసల ముళ్ళతీగ, చివరి కర్రని గుంజకి పట్టి ఉంచే ఒక రింగు. మూసి ఉంది.

దిగింది. భుజం ఆనించి, కర్రని నెట్టి, రింగు ఎత్తింది. అవతలికి వెళ్ళి ఆవుని పట్టుకుంది. ఇవతలికి తోలింది. మళ్ళీ భుజం ఆనించి, అరవై రెండేళ్ళ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, రింగు వేసింది. తీగ బిగిసింది.

చూశావా, అనుకుంది. చూశావా ఒర్రిన్, నువ్వు లేకపోయినా...

పక్క గుంజకి పాత తాడు ముక్కలు వేలాడుతున్నాయి. గడ్డిమోపులకి కట్టే ప్లాస్టిక్ తాడు. కొన్ని నారింజ రంగు, కొన్ని వెలిసి తెల్లబడ్డవి. ముడి మీద ముడి. ఒర్రిన్ ఎంత శుభ్రం లేని మనిషో! కోసి పారేద్దామనుకుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంకోసారి చూద్దాంలే అని గుర్రమెక్కింది.

*

మంచు పడింది.

డిసెంబరు మొదటి వారంలో పడ్డం మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు. పొడిగా, తేలిగ్గా, పిండి జల్లెడ పట్టినట్టు. సేజ్ పొదలు నడుం దాకా మునిగాయి. తర్వాత మెడ దాకా. తర్వాత పొద ఉన్నచోట చిన్న దిబ్బ మాత్రం మిగిలింది.

మంచు మెత్తగా ఉన్నంతకాలం బతుకుంది. ముందు గిట్టతో తవ్వుకోవచ్చు. కింద చేదు ఆకు ఉంటుంది. తిని, రెండడుగులు వేసి, మళ్ళీ తవ్వుకోవచ్చు.

జనవరిలో ఒకరోజు వెచ్చటి గాలి వచ్చింది. చూరు కారింది. వెల్డా కోటు విప్పి గుమ్మంలో నిలబడి, మొహం ఎండకిచ్చింది. హాయిగా ఉంది అనుకుంది. సాయంత్రం సన్నగా వాన కురిసింది.

తెల్లారేసరికి సున్నాకి కింద ముప్ఫై.

మంచు మీద పెంకు కట్టింది. మనిషి నడిస్తే మోస్తుంది. ఆవు కాలు వేస్తే విరుగుతుంది, విరిగిన అంచు కత్తిలా కోస్తుంది. గడ్డి వెయ్యడానికి వెళ్ళిన వెల్డాకి తెల్లటి బీడంతా ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. ఆవులు సరే, వాటికి గడ్డి వేసే మనిషి ఉంది.

మనిషి లేనివాటి సంగతి ఆమెకి తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆమె దుఃఖం ఆమెకే సరిపోతోంది.

*

ఎల్డన్ వచ్చాడు.

ఎల్డన్ ఒర్రిన్ తమ్ముడు. పడమర వైపు నాలుగు మైళ్ళలో ఒంటరిగా ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరూ చేసుకోలేదంటాడు తనే. మంచు మీద జారే మోటారుబండి గుమ్మం ముందు ఆపి, బూట్లు దులపకుండానే వంటింట్లోకి వచ్చాడు.

"కాఫీ ఉందా వదినా? ఏడుపులో పడి అదీ మానేశావా?"

"ఉంది. బూట్లు దులుపుకునే బుద్ధి ఈ జన్మలో నీకు రాదు కదా."

"వస్తే ఎవరైనా పిల్లనిచ్చేవాళ్ళు."

కూర్చున్నాడు. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేదు. ఆ మనిషి కాఫీ తాగకుండా కూర్చోవడం వెల్డా ఎప్పుడూ చూడలేదు.

"ఏంటి ఎల్డన్?"

"ఒర్రిన్ మేకలు ఉత్తరం గేటు దగ్గర పోగుపడ్డాయి వదినా. చచ్చిపోతున్నాయి."

మేకలంటే మేకలు కావు. పుస్తకాల్లో జింకలని రాస్తారు, జింకలూ కావుట. లేత గోధుమరంగు ఒళ్ళు, గొంతు కింద తెల్లటి పట్టీలు, బెదిరితే విచ్చుకునే తెల్లటి పిర్ర. ఈ దేశంలో వాటిని మించి పరిగెత్తేది లేదు. పరుగు నేర్చుకున్నాయి గానీ దూకడం నేర్చుకోలేదు. కంచెలు లేని నేల మీద వేల ఏళ్ళు బతికిన జాతికి దూకడంతో పనేముంది? కంచె అడ్డొస్తే ఆగి, మోకాళ్ళు వంచి, కింది తీగ కింద నుంచి దూరి పోతాయి.

కింది తీగ కింద ఖాళీ ఉంటే.

"ఒర్రిన్ మేకలేంటి?" అంది వెల్డా.

ఎల్డన్ తలెత్తి చూశాడు.

"నీకు... చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"అయ్యో రామా" అనడానికి ఆ దేశంలో వాళ్ళు ఏమంటారో అది అన్నాడు ఎల్డన్. కప్పు కింద పెట్టాడు.

"మా చిన్నప్పుడు ఓ చలికాలం ఇలాగే పెంకు కట్టింది. మేకలు దక్షిణానికి, గాలిగట్టుకి పోవాలి. అక్కడ గాలి మంచుని నిలవనివ్వదు కదా, మేత తేలి ఉంటుంది. గేటు మూసి ఉంది. తెరుద్దామని నాన్న కాళ్ళా వేళ్ళా పడ్డాడు ఒర్రిన్. మేకలు ఆవుల గడ్డి తింటాయని నాన్న ఒప్పుకోలేదు. అన్నీ అక్కడే పోయాయి. వసంతంలో వాటిని ఈడ్చి పారేసే పని వాడికే చెప్పాడు ముసలాడు. పదిహేనేళ్ళవాడు వదినా. వారం రోజులు తిండి ముట్టలేదు."

కిటికీ అవతల తీగ మూలుగుతోంది.

"ఆ మరుసటి ఏడు నుంచి ఆవులు దిగగానే వెళ్ళి గేటు తెరిచి, పక్కకి లాగి కట్టేసి వచ్చేవాడు. నాన్నకి తెలీకుండా. నాన్న పోయాక కూడా ఆ దొంగతనం అలవాటు పోలేదు వాడికి. నీకు చెప్పుంటాడనుకున్నా. నువ్వు కాక ఇంకెవరున్నారు చెప్పడానికి?"

వెల్డా నిలబడే ఉంది.

గేటు...

మూశాను. అన్నీ మూసే వచ్చాను. నువ్వు నిశ్చింతగా పడుకో.

ఆ చూపు. దాచుకున్న చూపు. మూడు నెలలుగా పక్కలో పెట్టుకుని పడుకున్న చూపు. అది ప్రేమ కాదు. బతిమాలడం. నోరు పెగలని మనిషి కళ్ళతో బతిమాలాడు — ఆమె అతని చెయ్యి నిమిరి, జోకొట్టింది.

ఆమె కోటు గుండీలు పెట్టుకుంది.

"పార తీసుకో" అంది ఎల్డన్‌తో. "రెండు తీసుకో."

*

మంచుబండిని మేకలకి దూరంగా, అరమైలు ఇవతలే ఆపేశారు. చప్పుడుకి బెదురుతాయని. పెంకు మీద నడిచారు. అక్కడక్కడా కాలు దిగబడుతోంది. దిగబడ్డప్పుడల్లా ఎల్డన్ తన మోకాలిని, మోకాలిని చేసిన దేవుణ్ణి తిడుతున్నాడు, గొంతు తగ్గించి.

ముందు కంచె అవతల దారి కనబడింది. ఉత్తరాన్నుంచి వచ్చిన దారి. ఒకే ఒక్క గాడి, ఒక జంతువు వెడల్పు. ముందున్నది రొమ్ముతో పెంకు పగలగొడుతుంది. వెనకున్నవి దాని అడుగులో అడుగు వేస్తాయి. అది అలిసిపోతే పక్కకి తప్పుకుంటుంది, ఇంకోటి ముందుకొస్తుంది. గాడికి రెండు వైపులా రక్తం. మైళ్ళకి మైళ్ళు అలా వచ్చాయి.

నేరుగా గేటు దగ్గరికి వచ్చాయి.

అటూ ఇటూ తిరగలేదు, వెతుక్కోలేదు. వాటి తల్లులు ఇటే తీసుకొచ్చాయి. ఆ తల్లుల తల్లులూ ఇటే తీసుకొచ్చాయి. ఇక్కడ దారి ఉంటుంది. ఎప్పుడూ ఉంది.

వచ్చి నిలబడ్డాయి.

మంచు మేట వేసి కింది తీగ మునిగిపోయింది. రెండో తీగా మునిగింది. దూరడానికి సందు లేదు. పైన రెండు తీగలు. దూకడం తెలీదు. దక్షిణంగా రెండు మైళ్ళలో గాలిగట్టు, నల్లగా, మేత తేలి... నిలబడ్డచోటు నుంచి కనబడుతూనే ఉంది.

కంచే చేను మేసిందని సామెత. ఈ కంచె చేను ముట్టలేదు. దారిన పోయేవాటిని మేసింది.

పడున్నాయి. తీగ పొడుగునా పడున్నాయి. కొన్ని మంచులో సగం కప్పబడి. కొన్ని మోకాళ్ళ మీద కూర్చుని, తల నిలబెట్టి, అలాగే గడ్డకట్టి. నిరుటి పిల్ల ఒకటి తల్లి పొట్టలోకి మొహం దూర్చుకుని ఉంది. వెల్డా వంగి చూసింది. ఎందుకు చూసిందో తెలీదు. ఇద్దరికీ ఊపిరి లేదు.

బతికున్నవి గేటు దగ్గర గుంపుగా ఉన్నాయి. పాతికో ముప్ఫయ్యో.

మనుషుల్ని చూశాయి. పిర్రల మీద తెల్లటి వెంట్రుకలు విచ్చుకున్నాయి.

"వద్దు" అంది వెల్డా. "వద్దు తల్లీ, వద్దు, వద్దు..."

పరిగెత్తాయి.

గాలిని ఓడించే జాతి. పెంకు విరిగి, రొమ్ముల దాకా దిగబడి, ఎగిరి, మళ్ళీ దిగబడి... మూడొందల గజాలు వెళ్ళేసరికి రెండు పడిపోయాయి. లేవలేదు. మిగిలినవి ఆగి వెనక్కి చూశాయి. వాటి మీద ఆవిరి లేస్తోంది. ఆ పరుగులో ఖర్చయింది వాటికి మిగిలిన ఆఖరి బలం. కాపాడటానికి వచ్చిన మనిషే దాన్ని కరిగించింది.

ఒక్క ఆడమేక కదల్లేదు. గేటు పక్క గుంజకి అవతల, తీగకి వీపు ఆనించి పడుకుని ఉంది. ముందు కాళ్ళ మీద చర్మం లేదు. నల్లటి పెద్ద కన్నుతో వాళ్ళనే చూస్తోంది.

"అది లేవదు వదినా" అన్నాడు ఎల్డన్.

"నువ్వు తవ్వు."

*

తవ్వారు.

పార దిగడం లేదు. రాయిని కొట్టినట్టు ఖణేల్ ఖణేల్ మంటోంది. ప్రతి దెబ్బకీ ఆడమేక చెవి కదులుతోంది. భయం. కానీ లేవలేదు. మూరెడు దూరంలో మనుషులు, లేవలేకపోవడం... అదెంత నరకమో. వెల్డా దాని వైపు చూడకుండా తవ్వింది.

చాలాసేపటికి ఎల్డన్ అన్నాడు, పార ఆపకుండా.

"నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు నేనిటు వచ్చాను వదినా."

ఆమె ఇంకో దెబ్బ వేసింది.

"గేటు మూసి ఉంది. చూశాను. దిగి తెరిచాను, దాటాను, మళ్ళీ మూశాను. నీ గేటు కదా ఇప్పుడు. నీకేదో కారణం ఉండి ఉంటుందనుకున్నా. ఒక్క మాట అడిగి ఉండాల్సింది. వెధవని. నాలుగు మైళ్ళు వచ్చి ఒక్క మాట అడగలేకపోయాను."

"అడిగితే మూసే ఉండనీ అనేదాన్ని" అంది వెల్డా.

గేటు అలా ఎందుకుందో దాటేవాడికి తెలియక్కర్లేదు. పెట్టినవాడికి తెలుసు.

పెట్టినవాడు అక్టోబరులో పోయాడు. ఇద్దరు బుద్ధిమంతులు అతని మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఒర్రిన్ నేర్పిన మర్యాదతోనే ఒర్రిన్ మేకల్ని చంపారు.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అంది. ఎల్డన్‌ని కాదు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు పక్కలో పడుకున్నావు కదయ్యా. నేను నవ్వుతాననుకున్నావా? నవ్వేదాన్నే. నవ్వి, నీతో వచ్చేదాన్ని. రొట్టె కట్టుకుని వచ్చేదాన్ని..."

ఎల్డన్ తల తిప్పుకుని తవ్వాడు. అతని ముక్కు మీద నీటిబొట్టు గడ్డకట్టింది.

కింది తీగ బయటపడింది. ముళ్ళకి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. మేకలు తవ్వుకుంటూ తవ్వుకుంటూ, లేని సందులోకి మొహాలు పెట్టి చూసినట్టున్నాయి.

రింగు రాలేదు. గడ్డకట్టింది. ఎల్డన్ కటింగ్ ప్లేయరు తీశాడు. ఒక తీగ తెగింది. టంగ్ మని ఎగిరి అతని చెంప చీరింది. రెండోది. మూడోది. నాలుగోది. గేటు చచ్చినదానిలా కూలింది. ఇద్దరూ కర్రలు పట్టి, మంచులోంచి పీకి, పక్కకి లాగారు.

పక్క గుంజ. పాత తాళ్ళు.

ముడి మీద ముడి. వెలిసినవి, వెలవనివి. ఏడాదికొకటి. పాతది విప్పకుండా దాని మీదే కొత్తది కట్టాడు. నవంబరులో శుభ్రం లేదని విసుక్కుంది ఆమె.

"కట్టడానికి ఏదన్నా ఉందా?" అన్నాడు ఎల్డన్.

కోటు జేబులు తడిమింది. కుడి జేబులో చేతిరుమాలు. ఎడమ జేబులో, అడుగున, చుట్ట చుట్టి ఉంది.

నారింజ రంగు తాడు. సరిగ్గా కోసిన ముక్క. చివరలు విడిపోకుండా కాల్చి, నొక్కి...

అక్టోబరులోనే కోసి పెట్టుకున్నాడు. మూడు నెలలుగా ఆమె ఆ కోటు తొడుక్కునే తిరుగుతోంది. మూడు నెలలుగా ఆ జేబులో చెయ్యి పెట్టుకునే ఏడ్చింది, తగిలినా ఏదో చెత్తనుకుని.

అక్కడ ఏడ్చింది వెల్డా. పోయిన రోజున ఏడవలేదు అలా. పూడ్చిన రోజున ఏడవలేదు అలా. గుంజ పట్టుకుని, అతని ముడుల మీద నుదురు ఆనించి, గొంతు చించుకుని ఏడ్చింది. దూరంగా ఉన్న మేకలు ఆ చప్పుడుకి ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశాయి. అది చూసి నోరు నొక్కుకుంది.

ఏడవడానికి కూడా హక్కు లేదు ఇక్కడ.

కట్టింది. వేళ్ళు వంగలేదు. ఎల్డన్ సాయం రాబోతే మోచేత్తో నెట్టింది. పళ్ళతో బిగించింది ముడి.

గేటు తెరిచి ఉంది.

*

ఇక మనుషులు వెళ్ళిపోవాలి. అంతకంటే చేసేది లేదు.

"గడ్డి తెచ్చి వేస్తే?" అంది వెల్డా.

"పొట్ట ఉబ్బి చస్తాయి వదినా. వాటికి గడ్డి పడదు. అవే నడవాలి, అవే తినాలి."

ఎల్డన్ బండి దగ్గరికి పోయాడు. ఆమె పోలేదు. కంచె వెంట తూర్పుకి నడిచింది, చిన్న మిట్ట అవతలికి, వాటి కంట పడనంత దూరం. వాటి చూపు పొల్లు పోదు. మిట్ట ఇవతల నుంచి తల ఎత్తినా పసిగడతాయి. అందుకని మంచులో, కంచె మొదట్లో, ఒదిగి కూర్చుంది. గేటు కనబడదు. మేకలు కనబడవు. గాలిగట్టు మీద ఎండ పల్చబడుతోంది.

కూర్చుంది.

వస్తాయా?

వచ్చి చూస్తాయా? తీగ లేదని తెలుస్తుందా వాటికి? ఇన్నాళ్ళు మూసి ఉన్నదాన్ని మళ్ళీ నమ్ముతాయా? రెండు మైళ్ళు నడిచే బలముందా? అసలు ఆ ఆడమేక...

చూడాలనిపించింది. ప్రాణం కొట్టుకుంది చూడాలని. లేచి ఒక్కసారి తొంగి చూస్తే చాలు. ఆ ఒక్కసారి చాలు, మళ్ళీ బెదిరి పరిగెత్తడానికి.

తొంగి చూడలేదు.

చేతితొడుగు తీసింది.

రెండు వేళ్ళు తీగ మీద ఆనించింది. చల్లటి ఇనుము వేళ్ళని పట్టేసుకుంది. చర్మం అంటుకుపోయింది. మంట పుట్టింది. ఉండనీ అనుకుంది. తల వంచి, కళ్ళు మూసుకుంది.

ఏమీ లేదు.

ఏమీ లేదు.

"చెప్పు" అంది. "ఈసారి లేదని అబద్ధం ఆడనులే. ఉందనే చెబుతా. చెప్పు ఒర్రిన్."

ఎండ గట్టు దిగింది. ఎల్డన్ ఎక్కడో దగ్గాడు. ఆకు కదలని నిశ్శబ్దం. గాలి లేదు.

అప్పుడు తీగ కదిలింది.

వేళ్ళ కింద, ఎముకలో తెలిసింది. ఒక వణుకు. ఆగింది. ఇంకోటి. తర్వాత వరసగా, చిన్నచిన్నగా... ఎవరో ఒకరి వెనక ఒకరు గుంజని రాసుకుంటూ పోతున్నట్టు. లేక తీగకి వీపు ఆనించిన ఆడమేక కాళ్ళు కొట్టుకుంటున్నట్టు.

వెల్డా ఊపిరి బిగబట్టింది. దాటుతున్నాయా? ఆ ఆడమేక ప్రాణం పోతోందా? వేళ్ళు లాక్కుంటే చర్మం ఊడొస్తుంది. లాక్కోలేదు. ఇంకా గట్టిగా ఆనించింది.

చలి ముదురుతోంది.

ఆమె వేళ్ళ కింద తీగ మూలిగింది — సన్నగా, పొడుగ్గా...